ఆటిజం ఉన్న దర్శకుల సెట్ ఎలా నడవాలి

సంపాదకులకు నమస్కారం.

ఆటిజం ఉన్నవాళ్లు సినిమా తీస్తే వాళ్ల పట్టుదల గురించి పత్రికల్లో చాలా వస్తోంది. ఆ సెట్ ఏ పద్ధతిలో నడిచిందన్నది మాత్రం ఎవరూ రాయడం లేదు. ఇలాంటి దర్శకులతో పనిచేయబోయే నిర్మాతలకీ యూనిట్‌కీ పనికొచ్చేది అదే కాబట్టి, దర్శకత్వ శాఖలో ఉన్న మేము ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఆటిజం అందరిలో ఒకేలా ఉండదు. అయినా చాలామందికి సినిమాను మనసులో కట్టుకోవడం దగ్గర ఇబ్బంది రాదు. లైటింగ్ జరిగే సమయంలో కాస్ట్యూమ్, ఆర్ట్, మేకప్, ప్రొడక్షన్ వాళ్లు నాలుగు వైపుల నుంచీ వచ్చి ఒకేసారి అడిగినప్పుడే చిక్కు. రెండు గొంతులు కలిస్తే ఏ ఒక్కటీ అర్థం కాదు, ఆలోచనలో ఉన్న షాట్ కూడా చెదిరిపోతుంది. అందుకే ప్రశ్నలన్నీ కో-డైరెక్టర్ ఒక్కరి దగ్గరికే రావాలి. ఈ షాట్‌కు ముందే తేలాల్సినవి, ప్యాకప్‌లోపు తేలాల్సినవి, రేపటివి అని ఆ ప్రశ్నల్ని మూడు వరసలుగా రాసుకోవాలి. మొదటి వరస వెంటనే అడగాలి. మిగతావి భోజన విరామం తర్వాత ఒకసారి, ప్యాకప్‌కు ముందు ఒకసారి, పదేసి నిమిషాలు కూర్చుని తేల్చుకోవాలి. దర్శకుల చేతికి వాకీటాకీ ఇవ్వకూడదు. 'ఈ గది ఎలా ఉండాలి?' అని అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టవచ్చు. రెండు ఫొటోలు చూపించి 'ఇదా, అదా?' అంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ప్రశ్నలు తనవైపు నుంచే వెళ్తున్నాయి కదా అని కో-డైరెక్టర్ తానే జవాబులు చెప్పడం మొదలుపెడతారు. కొన్నాళ్లకు యూనిట్ అసలు దర్శకుల్ని అడగడమే మానేస్తుంది. ఏయే విషయాల్లో కో-డైరెక్టర్ సొంతంగా నిర్ణయించవచ్చో షూటింగ్‌కు ముందే రాసుకోవాలి. మిగతా ప్రతి నిర్ణయం పక్కన అది ఎవరు తీసుకున్నారో ఆ రోజు నోట్స్‌లో ఉండాలి. సాయం పేరుతో కుర్చీ లాక్కోవడం మర్యాద కాదు.

నటులతో వచ్చే అపార్థాలు ఎక్కువగా 'కట్' తర్వాతి నిశ్శబ్దంలో పుడతాయి. దర్శకులు టేక్‌ను మనసులో మళ్లీ చూసుకుంటుంటారు. ముఖంలో ఏమీ కనపడదు, చూపు మానిటర్ మీదే ఉంటుంది. నటులు అది అసంతృప్తి అనుకుంటారు, తర్వాతి టేక్‌లో బిగుసుకుపోతారు. దీనికి మాటలు ముందే ఖాయం చేసుకోవాలి. 'ఓకే, నెక్స్ట్ షాట్.' 'వన్ మోర్, టెక్నికల్.' 'వన్ మోర్, నటన కోసం.' ఇంకా తేలకపోతే, 'ఆగండి, ఆలోచిస్తున్నాను.' కట్ చెప్పిన అయిదు సెకన్లలో వీటిలో ఒకటి వినపడాలి. టెక్నికల్ అని తెలిస్తే, ఫోకస్ తప్పిన టేక్‌కు నటుడు తన నటన మార్చుకోడు.

నటులు కూడా తమ వంతు చేయాలి. 'ఇంకాస్త ఫీల్ కావాలా?' లాంటి ప్రశ్నకు ఇలాంటి దర్శకుల దగ్గర జవాబు దొరకదు. 'ఈ మాట అన్నాక తలతిప్పనా, అనకముందే తిప్పనా?' అంటే దొరుకుతుంది. సూచనలు మరీ కొలతల్లా ఉన్నాయని కొందరు నటులు నొచ్చుకుంటారు. ముఖ్య నటులతో ముందే అరగంట కూర్చుని, సూచనలు నోటితో కావాలా రాతలో కావాలా, అందరిముందా విడిగానా అని మాట్లాడుకుంటే ఆ నొప్పి చాలావరకు రాదు. ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అపార్థం రెండు వైపుల నుంచీ వస్తుందని, తానూ ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లోనే వాదించారు. సెట్‌లో అది రోజూ కనపడుతుంది.

శబ్దం, వెలుతురు సంగతి ఎత్తితే చాలామంది గారాబమని కొట్టిపారేస్తారు. ఇంద్రియ స్పందనల్లోని తేడాను 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే నిర్ధారణ గ్రంథం) ఆటిజం నిర్ధారణ లక్షణాల్లోనే చేర్చింది. పాత చోక్ ట్యూబ్‌లైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సెకనుకు 24 ఫ్రేముల దగ్గర షటర్ 172.8 డిగ్రీలు పెడితే, అంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుతురు పడనిస్తే, కెమెరాకు ఆ మినుకు కనపడదు, కానీ గదిలో కూర్చున్న మనిషిని అది వదలదు. షూటింగ్ స్థలాన్ని ముందుగా చూసొచ్చే రెక్కీలోనే వాటిని గుర్తించి, మార్చడమో ఆర్పేయడమో చేయాలి. రెక్కీ కూడా షూటింగ్ జరిగే వేళకే వెళ్లాలి, పొద్దున ప్రశాంతంగా ఉన్న చోటు సాయంత్రం అలా ఉండకపోవచ్చు.

చెవులకు ఫోమ్ ప్లగ్‌లు పెడితే సన్నగా, కీచుగా ఉండే పై స్థాయి ధ్వనులు ఎక్కువగా తగ్గి డైలాగ్ ముద్దగా వినిపిస్తుంది. సంగీతకారులు వాడే ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని స్థాయిల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి అవి నయం. టేక్ నడుస్తున్నప్పుడు చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌లో నటుల మైకు మాత్రమే వినిపించాలి. కట్ కాగానే సౌండ్ శాఖ ఆ లైన్ మూసేయాలి. మరిచిపోతే సెట్‌లో ముచ్చట్లన్నీ నేరుగా దర్శకుల చెవిలో పడతాయి, విశ్రాంతి కావాల్సిన నిమిషంలో.

షెడ్యూల్ మారడం తప్పదు. మార్పుకన్నా అది తెలిసే తీరు ఎక్కువ దెబ్బ కొడుతుంది. మేనేజర్ ఒకటి చెప్తే కెమెరా అసిస్టెంట్ ఇంకోటి చెప్తారు. మార్పును ఒక్కరే చెప్పాలి, ఫోన్‌లో రాతగా కూడా పంపాలి. ఏం మారింది, ఎందుకు, ఏవి మారలేదు, ఎన్నింటిలోగా నిర్ణయం కావాలి, ఈ నాలుగూ అందులో ఉండాలి. ఎక్కువగా వదిలేసేది మూడోదే, నిజానికి మనసు నిలదొక్కుకునేది దానిమీదే. అవుట్‌డోర్ రోజులన్నిటికీ వానొస్తే తీయాల్సిన ఇండోర్ సీన్ షాట్ల జాబితాతో సహా సిద్ధంగా ఉండాలి.

ఇంత చేసినా ఒక్కోసారి మాట ఆగిపోతుంది, నిర్ణయం రాదు. దానికి ముందే ఒక చేతి సైగ ఖాయం చేసుకోవాలి. అది కనపడగానే కో-డైరెక్టర్ 15 నిమిషాల బ్రేక్ ప్రకటించాలి. వెంట ఎవరూ వెళ్లకూడదు, భుజం తట్టకూడదు, తిరిగొచ్చాక అందరిముందు 'ఏమైంది?' అని అడగకూడదు. సెట్‌కు రెండు నిమిషాల నడకలో, జనరేటర్‌కు దూరంగా, తలుపు మూసుకునే గది ఒకటి మొదటి రోజు నుంచే ఉండాలి. బ్రేక్ తర్వాత మొదట చేతులు, వస్తువుల క్లోజప్ లాంటి తేలిక షాట్ పెట్టాలి. అందుకోసం జాబితాలో రోజుకు రెండు అలాంటి షాట్లు విడిగా గుర్తుపెట్టి ఉంచాలి.

తనకు ఆటిజం ఉందని యూనిట్‌కు చెప్పాలో వద్దో దర్శకుల ఇష్టం. ఇంకెవరూ చెప్పకూడదు. పై పద్ధతులన్నీ ఆ పేరు ఎత్తకుండానే ఒక పేజీలో రాసి, మొదటి కాల్ షీట్‌తో (ఎవరు ఎన్నింటికి రావాలో యూనిట్‌కు పంపే కాగితం) అందరికీ పంపవచ్చు. షెడ్యూల్ మధ్యలో ఒక్కరోజు పనికి వచ్చే లైట్‌మెన్‌కూ జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకూ కూడా ఆ పేజీ అందాలి.

భవదీయులు,
దర్శకత్వ శాఖలో పనిచేస్తున్న పాఠకులు