అటవీ శాఖ మంత్రి గారూ, పరిహారం దున్నేవాళ్లకు ఇప్పించండి

కర్ణాటక అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

కన్నడంలో మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటికీ రసీదు ఉంది, జవాబు లేదు. అందుకే ఈసారి మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, అందరూ చదివేలా రాస్తున్నాను. మాది ఆనేకల్ తాలూకా, బన్నేరుఘట్ట అడవి అంచున రెండెకరాల రాగి చేను. పేరుకు బెంగళూరు నగర జిల్లానే.

వెన్ను గట్టిపడే సరికి తమిళనాడులోని తళి అడవుల వైపు నుంచి ఏనుగులు దిగుతాయని మీకు తెలుసు. పోయిన పంటకు ఒక్క రాత్రిలో ఐదు వచ్చాయి. తిన్నది కొంచెం, తొక్కింది ఎక్కువ. సాళ్ల మధ్య వేసిన అనప కూడా పోయింది. నేనూ మా తమ్ముడూ టపాకాయలు పట్టుకుని మంచె మీదే ఉన్నాం. గుంపులో పిల్ల ఏనుగు ఉంది. తల్లి తిరగబడుతుందని భయపడి కాల్చలేదు.

తెల్లారి గార్డు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. తరువాత ఆఫీసులో, పహణీ (భూమి రికార్డు) మా నాయన పేరున ఉందని పరిహారం దరఖాస్తు ఆపేశారు. నాయన పోయి ఆరేళ్లు. పౌతి ఖాతా, అంటే పోయినవాళ్ల భూమిని వారసుల పేరుకు మార్పించడం, చేయించుకుని రమ్మన్నారు. దానికి మరణ పత్రం, వంశవృక్షం, వారసులందరి సంతకాలు కావాలి. మదనపల్లెలో ఉన్న మా అక్క కూలి పోగొట్టుకుని రెండుసార్లు వచ్చింది. రెండోసారి వంశవృక్షంలో అమ్మ పేరు తప్పు పడిందని మళ్లీ మొదటికి పంపారు. ఇంతలో గడువు దాటిపోయిందన్నారు. గార్డు తీసిన ఫోటోలో చేలో నిలబడింది నేనే కదా సార్! దున్నింది మేమేనని ఊరంతా చెబుతుంది. ఇంకేం రుజువు కావాలి?

2025-26కి రాగి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. మాకు అమ్మడానికి గింజ మిగల్లేదు. సంగటికి కూడా రాగులు కొన్నాం. కొట్లో రాగులు కొనాల్సి వచ్చినందుకు మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఏనుగుల మీద మాకు పగ లేదు. బన్నేరుఘట్ట చుట్టూ ఉండే పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని, మొదటి ముసాయిదాలో ఉన్న 268 చదరపు కిలోమీటర్ల నుంచి 2020లో 168కి కుదించారు. తిరిగే దారుల్లో లేఅవుట్లు లేస్తుంటే అవి మాత్రం ఎటు పోతాయి?

ఖాతా తేలేదాకా ఆపకుండా, సాగు చేసేవాళ్లకు పరిహారం ఇప్పించండి. ఏనుగులు దాటకుండా తవ్విన కందకం పూడిపోయింది, మళ్లీ తవ్వించండి. మా దరఖాస్తు మళ్లీ తెరిపించండి, దయచేసి. ఈ ఏడు మళ్లీ రాగే వేశాం, వెన్ను పడుతోంది. ఒకసారి రండి సార్, రాత్రి ఎనిమిది దాటాక రండి. మా అమ్మ మీతో మాట్లాడాలంటోంది.

ఇట్లు,
ఆనేకల్ తాలూకా రైతు