తునికాకు కల్లాల దగ్గర నీడ కావాలి

సంపాదకులు గారికి,

వేసవి వచ్చిందంటే పత్రికలన్నీ చర్మం గురించి రాస్తాయి. పది నుంచి నాలుగు దాకా బయటికి వెళ్లొద్దు, వెళ్తే సన్‌స్క్రీన్ రాసుకోండి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి అని. సలహా తప్పేం కాదు. కానీ మా సిరోంచ తాలూకాలో మే నెల అంటే బీడీలు చుట్టే తునికాకు సీజన్. ఊళ్లకు ఊళ్లు ఎండలోనే ఉంటాయి. పదింటికల్లా ఇంటికి చేరండి అంటే ఏడాదికోసారి చేతికొచ్చే ఆ నాలుగు డబ్బులు పోతాయి.

తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొస్తారు. ఆ పూట ఎండ బాధ తక్కువే. కట్టలు కట్టేది కూడా ఇంటి అరుగు మీద, నీడలోనే. అసలు తిప్పలు ఆ కట్టలు అప్పజెప్పి ఆరబెట్టే కల్లం దగ్గర. ఆకు ఎండాలి కాబట్టి చెట్టు నీడ పడని జాగా చూసి మరీ కల్లం పెడతారు. ఆకుకు ఎండ కావాలి సరే, మనుషులకెందుకు? కట్టలు వరుసగా పేర్చి, లెక్క చూపించి, చీటీలో రాయించుకునేదాకా ఆడవాళ్లు అక్కడే నిలబడాలి. కట్టలు తిరగేసే కూలీలైతే మిట్టమధ్యాహ్నం కూడా వంగే ఉంటారు. వంగినవాళ్లకు ఎండ తగిలేది మెడ వెనక, చెవుల మీద. వారం తిరిగేసరికి అక్కడ చర్మం కమిలి పొట్టు లేస్తుంది. నల్లటి ఒంటికి ఎండ ఏం చేస్తుందిలే అంటారు గానీ, నలుపు కొంతవరకే కాస్తుంది. గోదావరి అవతల కాళేశ్వరం వైపు కల్లాలదీ ఇదే తీరు.

వేడి రెండు, మూడింటికి ఎక్కువ కాబట్టి ప్రమాదం అప్పుడే అనుకుంటాం. చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు మాత్రం సూర్యుడు నడినెత్తికి వచ్చే పన్నెండు, పన్నెండున్నరకే ముదురుతాయి. వాటిని కొలిచే యూవీ ఇండెక్స్ 11కు చేరితే అత్యంత తీవ్రం అంటారు. మే నెలలో మబ్బులేని మధ్యాహ్నం మా వైపు అది 11 దాటడం మామూలే. పదకొండింటికి 'ఇంకా ఎండ ఎక్కలేదులే' అని చేసే పని మూడింటి పనికంటే ఎక్కువ కాలుస్తుంది. పల్చటి మబ్బు అడ్డున్నా ఆగదు.

మా ఆడవాళ్లు చీర మీద ఇంట్లో మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు. అది ఏ క్రీముకూ తీసిపోదు. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉంటే మరీ మంచిది. తలకు తడి తువ్వాలు హాయిగానే ఉంటుంది, కాకపోతే పల్చటి నూలు బట్ట తడిస్తే కిరణాలు ఇంకా సులువుగా లోపలికి దిగుతాయి. మెడ మీదికి పొడి బట్ట వేరే ఉండాలి. కొనుక్కోగలిగినవాళ్లు ముఖానికి ఎస్‌పీఎఫ్ 30 క్రీము రాసుకుంటే రాసుకోనీ.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం మందుల షాపుల తీరు. సీజన్ అయ్యాక ముఖం నల్లబడిందనో, మంగు వచ్చిందనో వెళ్తే డాక్టరు చీటీ అడక్కుండానే ఒక ట్యూబ్ చేతిలో పెడతారు. వాటిలో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. నాలుగు రోజులు ముఖం తేటపడుతుంది. తర్వాత చర్మం పల్చబడి, ఎండ దాకా ఎందుకు, పొయ్యి సెగకే ఎర్రగా మండుతుంది. మానేస్తే మచ్చ ఇంకా ముదురుతుంది. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. అడిగేవాడేడీ? జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోయి చూపించుకుందామంటే 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

ఉపాధి పని జరిగే చోట నీడ, తాగునీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి చట్టంలో రాశారు. కల్లానికీ అవే అడుగుతున్నాం. మా జిల్లాలో చాలా గ్రామసభలు ఆకును సొంతంగానే వేలం వేసుకుంటున్నాయి, షరతు పెట్టే హక్కు మన చేతిలోనే ఉంది. మిర్చి నారుకు గ్రీన్ నెట్ కడుతున్నాం కదా, కల్లం అంచున నాలుగు గుంజలు పాతి అదే నెట్ రెండు మడతలు వేసి మనుషులకు కట్టలేమా? తిరగేసే పని పొద్దున్నే ముగించి, కట్టల లెక్క సాయంత్రం నాలుగున్నర తర్వాత మొదలుపెట్టాలి. లారీ వేళలకు కుదరదని ఆకు కొనే కాంట్రాక్టరు అంటాడు. ఆకు తెంపడం మొదలయ్యాక ఎవరూ వినరు కాబట్టి, వేలం కాగితం రాసేటప్పుడే ఈ మాటలు అందులో రాయించాలని గ్రామసభల పెద్దలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర