ఓడ దిగినవారి కోసం బస్సు ఆగాలి: స్కాట్లాండ్ రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్కాట్లాండ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను తొమ్మిదేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్న తెలుగు మహిళను. కంటిచూపులో ఉన్న లోపం వల్ల కారు నడపడానికి నాకు వీలులేదు, ఇకముందు కూడా వీలుపడదు. అయినా దాదాపు ప్రతి శరదృతువులోనూ రైలు, ఓడ, బస్సు, కాలినడక, ఈ నాలుగింటినే నమ్ముకుని మీ పడమటి దీవులకు వెళ్లి వస్తున్నాను. ఈసారి అక్టోబరులో అమ్మానాన్నలు ఇక్కడికి వస్తున్నారు. వాళ్లను వెంటబెట్టుకుని దక్షిణాన ఉన్న బారా దీవి నుంచి ఉత్తరాన లూయిస్‌లో ఉన్న స్టోర్నోవే పట్టణం దాకా, ఒక్కో దీవిలో రెండు మూడు రోజులు ఉంటూ, తొందర లేకుండా ప్రయాణం చేయాలని మా ఇంట్లో అనుకున్నాం. ఆ ప్రయాణానికి లెక్కలు వేసుకుంటూ కూర్చున్న ప్రతి రాత్రీ నాకు ఎదురైన ఒకే ఒక్క చిక్కును మీ ముందు ఉంచడానికే ఈ లేఖ రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో రాయడానికి కారణం ఏమిటంటే, చదువు కోసమో ఉద్యోగం కోసమో ఈ దేశానికి వచ్చిన మనవాళ్లలో చాలామందికి కారు ఉండదు. మన దేశపు లైసెన్సు ఇక్కడ స్థిరపడినవారికి పన్నెండు నెలలకు మించి చెల్లదు. అందువల్ల ఈ దీవులు తమకు అందనివని వాళ్లు ముందే నిర్ణయించుకుంటున్నారు. అది నిజం కాదని వాళ్లకూ తెలియాలి, అది నిజం కాకుండా చూడవలసిన బాధ్యత మీదని మీకూ విన్నవించాలి.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. కారు లేకుండా ఈ దీవుల్లో తిరగడం కష్టమనే అభిప్రాయం సగమే నిజం. వేసవిలో ఓడల కారు డెక్కులు వారాల ముందే నిండిపోతాయి, కారు ఉన్నవారు చోటు దొరక్క ప్రయాణాలు మానుకుంటారు, కానీ నడిచి ఎక్కేవారికి చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సైకిలు తెచ్చుకుంటే దానికి చార్జీ కూడా లేదు. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో రైలెక్కితే మూడు గంటల పైచిలుకులో పడమటి తీరంలోని ఓబన్‌ అనే ఊళ్లో దిగుతాం. స్టేషను బయటికి వస్తే ఓడల రేవు కళ్లెదుటే ఉంటుంది. అయోనాకు, రమ్, ఎగ్ వంటి చిన్న దీవులకు సందర్శకులు కార్లు తీసుకువెళ్లే వీలే లేదు, కాబట్టి అక్కడ అందరూ మాలాంటివారే. శరదృతువు వచ్చేసరికి వేసవి రద్దీ తగ్గుతుంది, ఒళ్లంతా కుట్టి వేధించే మిడ్జ్ అనే చిన్న పురుగులు పోతాయి, గ్రీన్‌లాండ్ నుంచి బాతుల గుంపులు వేలకొద్దీ ఐలా దీవికి దిగుతాయి, రమ్ దీవిలో మగదుప్పుల అరుపులు కొండల్లో మారుమోగుతాయి. నిదానంగా చూడదలచుకున్నవారికి ఇంతకు మించిన కాలం లేదు.

చిక్కు ఓడలోనూ లేదు, బస్సులోనూ లేదు, రైలులోనూ లేదు. అది వాటి మధ్య ఉంది.

మూడేళ్ల కిందటి అక్టోబరులో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆ రేవు పేరు గానీ ఆ బస్సు నడిపేవారి పేరు గానీ రాయను, ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు. ఆ సాయంత్రం ఎదురుగాలి వల్ల మా ఓడ ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యమైంది. చీకటి పడుతుండగా రేవు దగ్గరపడింది. డెక్ మీద నిలబడి ఒడ్డుకేసి చూస్తున్న మాకు షెల్టరు పక్కన ఆగివున్న బస్సు స్పష్టంగా కనిపించింది. ఓడ పక్కకు తిరిగి ర్యాంపు దించడానికి సిద్ధమవుతుండగా ఆ బస్సు దీపాలు వెలిగాయి. అది మెల్లగా కదిలి, కొండమలుపు తిరిగి వెళ్లిపోయింది. అది ఆ రోజుకు ఆఖరి బస్సు. ర్యాంపు దిగాక ముందు కార్లన్నీ వరుసగా వెళ్లిపోయాయి, వాటి వెనుక వర్షంలో మేం పదకొండుమందిమి మిగిలాం. మాలో ఆ దీవికే చెందిన పెద్దావిడ ఒకరున్నారు. ప్రధాన భూభాగంలో ఆసుపత్రికి వెళ్లి, మందుల సంచీతో ఇంటికి తిరిగి వస్తున్నారు. షెల్టరు గోడకు అంటించిన వేళల పట్టిక తడిసి, చివరి వరుసలు అలుక్కుపోయి ఉన్నాయి. ఫోను వెలుతురులో చదివితే మరుసటి బస్సు పొద్దున ఏడు నలభైకి అని తెలిసింది. చేపల వ్యాను నడిపే ఒకాయన రెండు విడతలుగా మమ్మల్ని ఊళ్లోకి చేర్చారు, డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ మనిషి మంచితనానికి ఈనాటికీ కృతజ్ఞురాలిని. కానీ ఒక ప్రభుత్వ రవాణా వ్యవస్థ దారిన పోయే మనిషి మంచితనం మీద ఆధారపడి నడవకూడదు.

ఆ బస్సు డ్రైవరును నేను తప్పుపట్టడం లేదు. ఆయన చేతిలో ఉన్న పట్టికలో ఒక సమయం రాసి ఉంది, ఆ సమయానికి ఆయన బయలుదేరారు. ఓడ ఎంత ఆలస్యమైనా ఆగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆగితే ఆ అదనపు గంటకు జీతం ఎవరిస్తారో కూడా చెప్పలేదు. ఏ ఓడ ఎక్కడుందో ఎవరి ఫోనులోనైనా చూసుకోగల రోజులివి. అలాంటప్పుడు వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్న ఓడ కోసం బస్సు ఆగలేకపోవడానికి కారణం సాంకేతికం కాదు. ఆగాలని ఏ ఒప్పందంలోనూ రాయకపోవడమే.

ఇక మా ప్రయాణం సంగతికి వస్తాను. బయటి హెబ్రిడీస్ దీవుల మాలను ఒక కొస నుంచి మరో కొసకు దాటడానికి రెండు ఓడలు, ఆరు కాజ్‌వేలు (దీవుల మధ్య సముద్రానికి అడ్డంగా కట్టిన రోడ్లు) చాలు. మీ ప్రభుత్వ సంస్థలే ఎంతో గర్వంగా ప్రచారం చేసే హెబ్రిడియన్ వే అనే సైకిలు దారి ఈ లెక్క మీదే పది దీవులను కలుపుతూ సాగుతుంది. ఓబన్ నుంచి దాదాపు ఐదు గంటలు ప్రయాణిస్తే బారా దీవిలోని కాసిల్‌బే వస్తుంది. అక్కడ రెండు రోజులుండి, మూడో రోజు బయలుదేరాలంటే దీవి దక్షిణాన ఉన్న ఆ ఊరి నుంచి ఈశాన్యాన ఉన్న ఆర్డ్‌వోర్ రేవుకు బస్సు, అక్కడ నలభై నిమిషాల ఓడ, ఎరిస్కేలో దిగగానే మరో బస్సు, ఆ బస్సు 2001లో తెరిచిన కాజ్‌వే మీదుగా సౌత్ యూయిస్ట్‌కు. తర్వాత బెన్‌బెక్యులా, నార్త్ యూయిస్ట్ దాటి బెర్నెరే దాకా మళ్లీ బస్సులు. అక్కడ హారిస్ జలసంధిని దాటి హారిస్‌కు చేర్చే గంట ప్రయాణపు ఓడ, ఆ తర్వాత స్టోర్నోవేకు మళ్లీ బస్సు. ఆ జలసంధి లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. ఓడ బోయాల (దారి చూపేందుకు నీటిపై తేలే గుర్తుల) మధ్య మెలికలు తిరుగుతూ వెళ్లాలి, అందుకే పగటి వెలుతురును బట్టి దాని వేళలు మారతాయి. శరదృతువులో వెలుతురు రోజురోజుకూ తరిగిపోతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక స్టోర్నోవేలో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఇలాంటి గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే ఆ పూట కాదు, ఆ రోజంతా పోతుంది.

దీనికి తోడు, ఓడల వేసవి పట్టిక సాధారణంగా అక్టోబరు మూడో వారంలో ముగిసి చలికాలపు పట్టిక మొదలవుతుంది. సరిగ్గా పిల్లల శరదృతువు సెలవులు నడిచే రోజులవి. బస్సుల పట్టికలను స్థానిక మండళ్లు తయారుచేస్తాయి, రైళ్ల పట్టిక డిసెంబరులో మారుతుంది. మూడు పట్టికలను మూడు చోట్ల వెతికి, కాగితం మీద పక్కపక్కన రాసుకుని, ఏ బస్సుకు ముందురోజే ఫోను చేసి చెప్పాలో గుర్తుపెట్టుకుని ప్రణాళిక వేయవలసి వస్తోంది. నేను ఓపికగా వేయగలను, తొమ్మిదేళ్ల అలవాటు కాబట్టి. మొదటిసారి వచ్చే డెబ్బై ఏళ్ల మనిషి వేయలేడు.

ఇది అసాధ్యమైన కోరిక కాదని చెప్పడానికి మీ దేశంలోనే నిలువెత్తు సాక్ష్యం ఉంది. సముద్రపు ఒడ్డున, ఓడల రేవును ఆనుకుని ఉన్న వీమ్స్ బే రైలు స్టేషను 1903లో కట్టారు. జేమ్స్ మిల్లర్ దాని వాస్తుశిల్పి. పోయినసారి నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్ను అక్కడికి తీసుకువెళ్లాను. రైలు దిగగానే గుండ్రటి టిక్కెట్టు గది చుట్టూ గాజుకప్పు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అక్కడి నుంచి మెట్టు అన్నది లేకుండా, కప్పు కింద వెడల్పుగా వంపు తిరుగుతూ ఒక వాలుదారి నేరుగా ఓడ దగ్గరికి దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు చేతికర్రతో ఆ వాలు మీద నడుస్తూ, మధ్యలో ఆగి పైకి చూసి, "దీన్ని కట్టినవాడు ముసలివాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టాడమ్మా" అన్నారు. ఓడలో ముప్పై ఐదు నిమిషాల్లో బ్యూట్ దీవిలోని రోత్‌సే చేరాం, ఒక్క చినుకు మీద పడలేదు. నూట ఇరవై ఏళ్ల కిందట రైలునూ ఓడనూ ఒకే ప్రయాణంగా ఊహించగలిగారు.

దీనికి పక్కనే ఆరన్ దీవి కథ పెట్టి చూడండి. 2015లో 9.7 కోట్ల పౌండ్లకు రెండు ఓడలు కట్టించే ఒప్పందం జరిగింది. వాటిలో మొదటిదైన, ఆరన్‌కు నడిచే గ్లెన్ సానక్స్ 2025 జనవరిలో గానీ ప్రయాణికులను ఎక్కించుకోలేదు. ఆలస్యం గురించి, ఖర్చు గురించి ఇప్పటికే ఎందరో మాట్లాడారు, నేను మళ్లీ చెప్పను. నాకు బాధ కలిగించేది ఇంకొకటి: 127 కార్లు పట్టే ఆ ఓడ, రైలు స్టేషను పక్కనే ఉన్న ఆర్డ్రాసన్ రేవులో పట్టదు. అందుకని ట్రూన్ అనే మరో రేవు నుంచి నడుపుతున్నారు, అక్కడ స్టేషనుకూ రేవుకూ మధ్య సామానుతో నడవాలి, లేదా మరో బస్సు ఎక్కాలి. అదే ఓడలో 852 మంది మనుషులు కూడా పడతారు. ఎన్ని కార్లు పట్టాలన్నది ముందు లెక్కవేసి, ఆ మనుషులు రేవుకు ఎలా చేరతారన్నది తర్వాత ఆలోచించారని నా అభిప్రాయం. 2008లో మొదలుపెట్టి 2015 నాటికి ఈ దీవులన్నిటికీ వర్తింపజేసిన చార్జీల విధానం వల్ల నాలాంటివారికి కూడా మేలు జరిగింది, కాదనను. కానీ సముద్రం మీది దూరాన్ని రోడ్డు మీది ఖర్చుతో కొలిచే ఆ విధానం కార్లనే ఎక్కువగా ఓడల్లోకి తెచ్చింది, డెక్కులు నిండిపోవడానికి అదొక కారణం. నడిచి ఎక్కే ప్రతి మనిషీ డెక్ మీద ఒక కారు స్థలాన్ని దీవివాసులకు మిగులుస్తున్నాడు. అందుకైనా అతని బస్సు అతని కోసం ఆగాలి.

రైళ్లు 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చాయి. ఓడలు నడిపే సంస్థ మీ మంత్రుల సొంతమే. 2025 అక్టోబరు నుంచి పదేళ్లకు ఆ బాధ్యతను పోటీ లేకుండా నేరుగా దానికే అప్పగించారు. అంటే మూడు కొక్కేల్లో రెండు మీ చేతిలోనే ఉన్నాయి. మిగిలినది స్థానిక మండళ్ల బస్సు, దానికి కూడా నిధులు అధికభాగం ప్రజల సొమ్మే. కాబట్టి రేవుల్లో ఓడను కలుసుకునే ప్రతి ఆఖరి బస్సు, ఓడ ఆలస్యమైతే కనీసం ముప్పావుగంట ఆగాలని, ఆ సమాచారం ఓడ నుంచి నేరుగా డ్రైవరుకు అందాలని, ఆ అదనపు జీతం ఓడల బడ్జెట్టు నుంచి రావాలని నిబంధన పెట్టండి. అంతకు మించిన ఆలస్యమైతే టాక్సీ ఏర్పాటు చేయడం ఓడ నడిపేవారి బాధ్యత కావాలి. నేను అడిగేవాటిలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది. మిగతావన్నీ దీని తర్వాతే. గాలివాన వల్ల ఓడ రద్దయితే దాన్ని నేను ప్రశ్నించను, సముద్రం సంగతి కెప్టెన్‌కు తెలిసినంతగా నాకు తెలియదు. అందుకే ప్రతి ప్రణాళికలోనూ తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుతాను. లూయిస్, హారిస్‌లలో ఆదివారం బస్సులు నడవకపోవడాన్ని కూడా నేను మార్చమనను. ఆ ఊళ్లవాళ్లు పాటించే విశ్రాంతి రోజు అది. మేం కూడా ఆ రోజు ఒకచోట కూర్చుని సముద్రం చూస్తాం. కానీ చలికాలపు పట్టికను, దానికి సరిపోయే బస్సు వేళలతో కలిపి, ఒకేచోట, వేసవి ముగియకముందే ప్రకటించడం సాధ్యమే. ఒకే టిక్కెట్టు మీద మూడూ ఎక్కగలిగితే మరీ మంచిది. రేవు షెల్టర్లలో దీపం వెలగడం, ఓడ వచ్చేదాకా మరుగుదొడ్డికి తాళం వేయకపోవడం వంటివాటికి మంత్రిగారి దాకా రావలసిన అవసరమే ఉండకూడదు.

అక్టోబరు రెండో వారంలో మేము ముగ్గురం ఓబన్‌లో బారా ఓడ ఎక్కుతాం. గదులు మాట్లాడుకున్నాను, ఓడ టిక్కెట్లు తీసుకున్నాను. నా కాగితం మీద ఇంకా ప్రశ్నగుర్తుతో మిగిలివున్నది ఒక్క గడి: ఎరిస్కేలో సాయంత్రపు ఓడ ఆలస్యమైతే ఆ బస్సు ఆగుతుందా, ఆగదా? దయచేసి మీ శాఖ నుంచి ఈ ఒక్క ప్రశ్నకు, మేం బయలుదేరేలోగా, లిఖితపూర్వకంగా జవాబు ఇప్పించగలరు.

భవదీయురాలు,
గ్లాస్గోలో నివసిస్తున్న ఒక తెలుగు ప్రయాణికురాలు