సంబంధం కుదిరేటప్పుడు అడగని ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

గర్భస్రావం స్త్రీ రాజ్యాంగ హక్కన్న 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టివేసినప్పటి నుంచి, గర్భస్రావం అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకునే విషయమైంది. దీన్ని మనం విదేశీ వార్తగానే చదివి పక్కన పెట్టాం గానీ, హనుమకొండ, కాజీపేటల్లో డాలస్‌లోనో అట్లాంటాలోనో కూతురో కోడలో ఉన్న ఇళ్లు తక్కువేమీ కావు.

డాలస్, హ్యూస్టన్ ఉన్న టెక్సాస్‌లో తల్లి ప్రాణం మీదికి వస్తేనో, శరీరంలో ముఖ్యమైన పనితీరు తీవ్రంగా దెబ్బతినే ప్రమాదం ఉంటేనో తప్ప గర్భస్రావం చేయకూడదు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైనా, పుట్టినా బతకదని స్కానింగులో తేలిన పిండమైనా మినహాయింపు లేదు. చేసిన డాక్టరుకు యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు కనుక, గర్భం నిలవదని తెలిసిన కేసుల్లో సైతం వైద్యులు వెనకాడుతున్నారు. అట్లాంటా ఉన్న జార్జియాలో కొన్ని మినహాయింపులు పోను గడువు దాదాపు ఆరు వారాలే; నెల తప్పిందని గుర్తించేసరికే అది ముగియవస్తుంది.

సంబంధం కుదుర్చుకునేటప్పుడు జీతం, వీసా, గ్రీన్‌కార్డు అన్నీ ఆరా తీస్తాం, ఆ రాష్ట్రంలో గర్భస్రావ చట్టం ఎలా ఉందో మాత్రం అడగం. అపశకునమనుకుంటాం కాబోలు. భర్త ఉద్యోగంపై ఆధారపడిన వీసాతో వెళ్లి, చేతిలో సొంత డబ్బు లేని అమ్మాయి ఆపద వస్తే ముందు అమ్మకే ఫోన్ చేస్తుంది. ‘ఇండియాకు వచ్చెయ్ బిడ్డా’ అనడం తేలికే గానీ, వచ్చాక తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ కోసం ఎన్నాళ్లు ఆగాలో ఎవరూ చెప్పలేరు. టెక్సాస్ నిషేధ చట్టం గర్భిణిని శిక్షించదనీ, న్యూ మెక్సికో, ఇల్లినాయ్, కాలిఫోర్నియాల్లో గర్భస్రావం చట్టబద్ధమేననీ, అక్కడికి వెళ్లే ఖర్చులకు సాయపడే స్వచ్ఛంద నిధులున్నాయనీ ఆ అమ్మకు తెలిసి ఉంటే మాట వేరుగా ఉండేది.

మన దేశంలో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1971 నుంచీ ఉంది; 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. అయినా ఆ సంతకం అడగడం నా ఉద్యోగకాలమంతా చూశాను. దానికి అలవాటుపడిన తల్లులం కాబట్టే, సముద్రాల అవతలి కూతురికి కూడా ‘ముందు మీ ఆయన్ని అడుగు’ అని చెబుతున్నాం.

తెలుగువారు ఎక్కువగా ఉన్న అమెరికా రాష్ట్రాల చట్టాలను, అవి మారినప్పుడల్లా, మీ మహిళా పేజీలో వివరంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అక్కడ బతుకమ్మను ఘనంగా జరిపే తెలుగు సంఘాలు, ఇలాంటి ఫోన్‌లను గోప్యంగా అందుకోగల ఒకరిద్దరు డాక్టరమ్మలనైనా సభ్యులకు పరిచయం చేయాలి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, హనుమకొండ