సంఘ వార్షిక నివేదిక, 2024–25: కంచన్‌బాగ్ క్షిపణి ప్రయోగాల చరిత్ర అధ్యయనం

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన ప్రకారం ఈ ఏడాది మన ఉపన్యాసాలు, పఠన గోష్ఠులు, పాఠశాల కార్యక్రమాలు అన్నీ ఒకే అంశం మీద నడిచాయి. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో మన హైదరాబాద్ కంచన్‌బాగ్ ప్రాంతంలో రూపుదిద్దుకున్న ప్రయోగాత్మక క్షిపణులే ఆ అంశం. పృథ్వి, అగ్ని పేర్లు వినని తెలుగువారు అరుదు. అయితే వాటికంటే ముందు మొదలై, సైన్యం చేతికి చేరకుండానే ముగిసిపోయిన పథకాల గురించి, ఆ ప్రయోగశాలల ప్రహరీల పక్కనే నివసిస్తున్న మనకు కూడా తెలిసింది చాలా తక్కువ. ఆగిపోయిన పథకాలకు చరిత్రలో చోటు దక్కకపోతే విజయవంతమైన పథకాల చరిత్ర కూడా సగమే అవుతుందన్నది కార్యవర్గం అభిప్రాయం. ఏడాది కార్యక్రమమంతా ఆ దృష్టితోనే రూపొందింది.

అగ్ని పథకానికి తొలి సంచాలకులుగా పనిచేసిన శ్రీ రామ్ నారాయణ్ అగర్వాల్ గారు 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో కన్నుమూశారు. వారి స్మృతికి సంఘం నివాళి అర్పించి, తదుపరి గోష్ఠిని వారికి అంకితం చేసింది.

ఏడాదిలో ఎక్కువ కాలం మనం చర్చించింది డెవిల్ పథకాన్ని. 1960లలో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన డీఆర్‌డీఎల్ (రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల) మొదట్లో ట్యాంకు విధ్వంసక క్షిపణుల వంటి చిన్న ఆయుధాల మీద పనిచేసింది. 1970ల ఆరంభంలో ఎయిర్ కమొడోర్ వి.ఎస్. నారాయణన్ నాయకత్వంలో ఆ సంస్థ చాలా పెద్ద పనిని నెత్తికెత్తుకుంది. సోవియట్ యూనియన్ నుంచి మన వైమానిక దళానికి అందిన ఎస్-75 విమాన విధ్వంసక క్షిపణిని భాగాలుగా విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, దాని లోహమేమిటో పరీక్షించి, డ్రాయింగులు గీసి, అచ్చం అలాంటిదే ఇక్కడ తయారుచేయడం ఆ పని లక్ష్యం. అదే డెవిల్ పథకం. వినడానికి అనుకరణలా అనిపించినా, ఒక భాగానికి ఆ మందమే ఎందుకు ఉంది, ఆ మిశ్రమలోహమే ఎందుకు వాడారు, ఆ కవాటం ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలి అన్న ప్రశ్నలకు ఎవరి సహాయమూ లేకుండా జవాబులు వెతకాల్సి రావడంతో, ఆ కాలపు ఇంజినీర్లకు, ఫిట్టర్లకు, వెల్డర్లకు అదే పాఠశాల అయింది. 1973లో ఇదే ప్రాంతంలో నెలకొన్న ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ప్రత్యేక లోహాల కొరతను తీర్చే దారి చూపింది.

డెవిల్ పథకాన్ని 1980లో మూసివేశారు. సంపూర్ణమైన క్షిపణి సైన్యానికి అందలేదు కనుక దీన్ని విఫలయత్నంగా లెక్కగట్టేవారు నేటికీ ఉన్నారు. మన గోష్ఠిలో ఈ మాట మీద గట్టి వాదమే జరిగింది. ఘన ఇంధన బూస్టరు, మూడు టన్నుల థ్రస్టు (ముందుకు నెట్టే బలం) గల ద్రవ ఇంధన ఇంజిన్ ఆ పథకం చేతికందించిన ఫలితాలు. ఎర్రని పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లాన్ని, దానికి తగిలిన మరుక్షణమే మండే ఇంధనాన్ని భద్రంగా నింపడం, నిలవ చేయడం, మండించడం ఇక్కడివారు ఆ ఇంజిన్ మీదే నేర్చుకున్నారు. పృథ్వి క్షిపణిలో జంటగా అమర్చిన ఇంజిన్లు ఆ ఇంజిన్ సంతతే. అంతేకాదు, 1984 జూన్‌లో కొత్త నావిగేషన్ వ్యవస్థను గాలిలో పరీక్షించాల్సి వచ్చినప్పుడు, మూతపడిన పథకం తాలూకు డెవిల్ క్షిపణినే తగినట్టు మార్చి ఎగురవేశారు. ఇంతటి వారసత్వం ఉన్న పథకాన్ని వైఫల్యమని కొట్టిపారేయడం అన్యాయమని ఈ నివేదికలో స్పష్టంగా నమోదు చేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అదే కాలంలో దీర్ఘశ్రేణి క్షిపణి కోసం మొదలై 1974లో ఆగిపోయిన వాలియంట్ పథకం గురించి ఒక్క గోష్ఠి మాత్రమే జరపగలిగాం.

వర్షాకాలం తర్వాతి కార్యక్రమాలు 1983 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన సమీకృత క్షిపణి పథకానికి కేటాయించాం. అంతకుముందు ఏడాది డీఆర్‌డీఎల్ సంచాలకులుగా వచ్చిన ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారి బృందం ఒకదాని తర్వాత ఒకటిగా క్షిపణులను తయారుచేసే ప్రణాళికతో వెళ్లగా, అన్నింటినీ ఏకకాలంలో చేపట్టమని నాటి రక్షణమంత్రి ఆర్. వెంకట్రామన్ సూచించారు. సుమారు 388 కోట్ల రూపాయలతో పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని పనులు ఒకేసారి మొదలు కావడానికి కారణం అదే. త్రిశూల్ 1985 సెప్టెంబరులో, పృథ్వి 1988 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచే తొలిసారి ఎగిరాయి. ముందుగా ఎగిరిన త్రిశూల్‌ను చివరకు సాంకేతికతను చూపే ప్రయోగంగానే ముగించడం, చాలా ఆలస్యమైన ఆకాశ్ సైన్యానికి అందడం ప్రయోగాత్మక ఆయుధాల చరిత్రలో ప్రత్యేకంగా చదవదగిన ఘట్టాలు.

అగ్ని ఉపన్యాసానికి యువ సభ్యులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఉపగ్రహాలను మోసుకెళ్లే ఎస్ఎల్‌వీ-3 రాకెట్ తొలిదశ ఘన ఇంధన మోటారు మీద పృథ్వి నుంచి తీసుకున్న ద్రవ ఇంధన దశను నిలిపి, వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు వేల డిగ్రీల వేడిని తట్టుకునే కార్బన్-కార్బన్ (కార్బన్ నారలతో బలపరిచిన కార్బన్) ముక్కుభాగాన్ని పరీక్షించడం ఆ వాహనం ఉద్దేశం. 1989 ఏప్రిల్‌లో ఒకసారి, మే మొదట్లో మరోసారి ప్రయోగం వాయిదా పడి, మే 22న చాందీపూర్ నుంచి విజయవంతమైంది. 1992 మేలో జరిగిన రెండో ప్రయోగం విఫలమైంది. మూడోది 1994 ఫిబ్రవరిలో సఫలమైంది. క్షిపణి పరీక్షా కేంద్రం కోసం పచ్చని పొలాలు వదులుకోవాలన్న నిర్ణయాన్ని ఎదిరించి ఒడిశాలోని బాలియాపాల్ రైతులు సాగించిన ఉద్యమాన్ని కూడా ఆ రోజే చర్చకు పెట్టాం. సాంకేతిక విషయాలకే పరిమితమైతే బాగుండేదని కొందరు సభ్యులు రాతపూర్వకంగా తెలిపారు. కార్యవర్గం వారి అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, ప్రయోగానికి నేల ఇవ్వాల్సినవారి మాట లేకుండా ప్రయోగ చరిత్ర చెప్పడం సరికాదని భావించింది.

విశ్రాంత ఉద్యోగుల జ్ఞాపకాలను రికార్డు చేసే పని ఈ ఏడాదే ప్రారంభమైంది. గోప్యతా నియమాలకు లోబడి, ఆయుధాల వివరాల జోలికి పోకుండా, వర్క్‌షాపు పనితీరు, షిఫ్టులు, శిక్షణ, నైపుణ్యం ఎలా చేతులు మారిందన్న విషయాలను మాత్రమే అడుగుతున్నాం. శాస్త్రవేత్తల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. లేత్ మీద పనిచేసినవారి అనుభవం వారితోనే పోకుండా చూడటం మనలాంటి స్థానిక సంఘం చేయగల ముఖ్యమైన సేవ.

పాఠశాల కార్యక్రమాల్లో క్షిపణి పరిశోధన నుంచి పుట్టిన నడకకు ఊతమిచ్చే తేలికపాటి కాలిపట్టీల (క్యాలిపర్ల) కథ పిల్లలను బాగా ఆకట్టుకుంది. నిమ్స్ ఆసుపత్రిలో పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు పట్టీలను ఈడ్చుకుంటూ నడవడం చూసి, అగ్ని కోసం తయారైన పదార్థ పరిజ్ఞానంతో మూడు వందల గ్రాముల పట్టీలను రూపొందించారు.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది జ్ఞాపకాల రికార్డింగును కొనసాగించాలని, క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ భారత్ డైనమిక్స్ తొలినాళ్ల మీద ఉపన్యాసాలు ఏర్పాటు చేయాలని ప్రతిపాదిస్తున్నాం. 1970, 80 దశకాల నాటి కుటుంబ ఫొటోలు, వీడ్కోలు సభల ఆహ్వానపత్రాలు, శిక్షణ ధ్రువపత్రాలు ఉన్న సభ్యులు వాటిని నకలు తీసుకోవడానికి కార్యాలయంలో అందజేయగలరు. అసలు ప్రతులను నకలు తీసిన వెంటనే తిరిగి అప్పగిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి