డిక్రీ చాలు, కేసు కాగితాల కట్ట అక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

నల్లగొండ రామగిరిలో ఉంటాను. అంగన్‌వాడీ టీచరుగా రిటైరయ్యాక పెళ్లి సంబంధాలు చూస్తున్నాను. మొదటి పెళ్లివాళ్లు ఇప్పుడు యాప్‌లలోనే వెతుక్కుంటున్నారు. మిర్యాలగూడ, దేవరకొండ, హాలియా వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రెండో సంబంధాలే. వాటి వెంట కోర్టు కాగితాలూ వస్తాయి. వకీలును కాకపోయినా వాటి గురించి రాసే ధైర్యం అందువల్లే.

ఈ మధ్య ఒక సంబంధం చెడింది. అమ్మాయి ప్రైవేటు బడిలో టీచరు. అబ్బాయికీ రెండో పెళ్లే. చూపులయ్యాయి, ఇరువైపులా నచ్చింది, పెద్దమనుషులు కూర్చుని ముహూర్తం మాట్లాడుకోవడమే మిగిలింది. అంతలో అబ్బాయి చిన్నాన్న ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, పిల్లకు మతి సక్కగ లేదని కోర్టు కాగితంలనే రాసి ఉన్నది గదా, మాకెందుకు చెప్పలే?" అని నిలదీశాడు. తనకు వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నాకూ పంపాడు. అది మొదటి భర్త వేసిన విడాకుల పిటిషన్‌లో మూడో పేజీ. సెల్‌ఫోన్‌తో హడావుడిగా తీసినట్టుంది, అంచున ఎవరిదో బొటనవేలు కూడా పడింది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో విడాకులకు చెప్పిన కారణాల్లో నయంకాని మానసిక జబ్బు ఒకటి. ఆ కారణం చూపిస్తూ రాయించిన పేరా అది.

కేసు ఎలా ముగిసిందో ఆ ఫొటోలో లేదు. మధ్యలో రాజీ కుదిరి, ఇద్దరూ 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడిపోయారు. డాక్టర్ని బోను ఎక్కించలేదు, క్రాస్ ఎగ్జామినేషన్ లేదు. ఆ ఆరోపణ మీద జడ్జిగారు ఒక్క ముక్క కూడా రాయలేదు, రాయాల్సిన అవసరమే రాలేదు. విడాకులు మంజూరైనట్టు కోర్టు ఇచ్చిన కాగితం, అంటే డిక్రీ, తీసుకెళ్లి చూపించాను. చిన్నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. "అంతా మంచిగనే ఉంది గానీ, నిప్పు లేంది పొగ రాదు గదా పెద్దమ్మా" అన్నాడు. అంతే, వాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

విడాకుల పిటిషన్లు ఎలా తయారవుతాయో కోర్టు మెట్లెక్కినవాళ్లకు తెలుసు. గట్టిగా రాయకపోతే కేసు నిలవదంటారు. దాంతో కోపం మనిషి అనుమానపు మనిషి అవుతాడు, వంట సరిగా రాని పిల్ల విషం పెట్టబోయిందవుతుంది. అవతలివాళ్లు జవాబుగా వేసే కౌంటర్‌లో ఇంకో నాలుగు కలుపుతారు. రాజీ అయ్యాక ఆ ఇద్దరే ఆ మాటలు మర్చిపోతారు. కాగితం మాత్రం ఎవరి బీరువాలోనో పడి ఉంటుంది.

విడాకులైన సంగతి దాచిపెట్టి పెళ్లి చేయమని నేననడం లేదు. ముందు పెళ్లి చట్టప్రకారం తెగకుండా ఇంకో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, ఆ సంగతి దాచి చేసుకుంటే పదేళ్ల వరకు జైలు పడుతుంది. కాబట్టి డిక్రీ అడగడం తప్పు కాదు, అడగకపోవడమే తెలివితక్కువ. అప్పీలు గడువు దాటిందా, అప్పీలు వేశారా అన్నది కూడా అడగాలి. పెళ్లి తెగిందని కోర్టు తేల్చిన మాట అవతలివాళ్లకు అవసరం. తేలకుండా మిగిలిపోయిన ఆరోపణలు ఎవరికీ అక్కర్లేదు.

చట్టమూ ఇదే దారిలో ఉంది. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ మూసిన గదిలోనే జరగాలి, ఆ వివరాలు ఎవరూ ప్రచురించకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను కోర్టు అనుమతితో వేసుకోవచ్చు. మీరితే జరిమానా వెయ్యి రూపాయల వరకు. ప్రకాశం బజారులో ఫోన్ స్క్రీన్ మార్పించుకున్నా అంతకన్నా ఎక్కువే అవుతుంది, ఇక ఎవరు భయపడతారు? కోర్టు కాపీలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు కాదు, కోర్టు రూల్స్ ప్రకారమే రావాలని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ముందు తలుపుకు తాళం బాగానే వేశారు, మనం దొడ్డిదారిని వదిలేశాం.

కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ సైటులో కేసు నంబరుతోనే కాదు, పార్టీ (కక్షిదారు) పేరుతోనూ వెతకొచ్చు. వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి బస్సెక్కి రావాల్సిన పని తప్పింది, ఆ మేలు కాదనను. కానీ సంబంధం అనగానే ముందు అందులో పేరు కొట్టి చూసేవాళ్లు తయారయ్యారు. మన దగ్గర ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురుంటారు. ఎవరి కేసో ఎవరికో అంటగడతారు. కుటుంబ కేసుల్లో కోరిన పార్టీల వ్యక్తిగత వివరాలు వెబ్‌సైటులో పెట్టొద్దని 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. మన దగ్గరా ఈ కేసులను నంబరుతో మాత్రమే వెతికేలా చేస్తే కక్షిదారులకు వచ్చే ఇబ్బందేమీ లేదు, వాళ్ల నంబరు వాళ్ల దగ్గర ఉంటుంది.

పిల్లల కస్టడీ ఆర్డర్లు చూస్తే ఇంకా టెన్షన్. ఒక తల్లి నాకు చూపించిన ఆర్డరులో బాబు పేరు, తరగతి, బడి పేరు, ఏ ఆదివారం ఎన్ని గంటలకు తండ్రికి అప్పగించాలో అన్నీ ఉన్నాయి. తల్లికీ తండ్రికీ అవి తెలియాల్సిందే. ఇంకెవరి చేతిలోనైనా పడితే ఆ బాబు ఎప్పుడు ఎక్కడ ఉంటాడో చీటీ రాసి ఇచ్చినట్టే. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది. తల్లిదండ్రుల మధ్య నలిగే పిల్లలకు ఆ మాత్రం జాగ్రత్త అక్కర్లేదా?

పత్రికలతోనూ ఒక మాట. నోటీసు అందని భర్తకో భార్యకో కోర్టు పేపర్ ప్రకటన ఇప్పిస్తుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, వాయిదా తేదీ వేయక తప్పదు. కానీ క్రూరత్వమా, వదిలేసి వెళ్లడమా తెలిసేలా సెక్షన్ కూడా ఎందుకు? నమూనా కోర్టు నుంచి వచ్చేదే కాబట్టి పత్రికలను తప్పుపట్టను. ఆ ఒక్క వాక్యం తీసేయమని జిల్లా జడ్జిగారిని, బార్ అసోసియేషన్‌ను మీరు అడిగితే మా మాట కన్నా త్వరగా చెవికెక్కుతుంది.

వకీళ్లకు కూడా చిన్న మనవి. రాజీ కుదిరినప్పుడు బంగారం, సామాను, భరణం లెక్కలు పైసాతో సహా రాస్తారు. మునుపటి పిటిషన్, కౌంటర్ కాగితాలు ఇద్దరూ ఎవరికీ చూపించకూడదు, పంపకూడదు అన్న షరతు కూడా అందులో చేర్చండి. ఫ్యామిలీ కోర్టుకు వచ్చే ఏ కేసులోనైనా, ఆ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒక్క పార్టీ కోరినా విచారణ మూసిన గదిలోనే జరగాలి. అలా కోరవచ్చని మా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చాలామందికి తెలియదు. వకాలతు మీద సంతకం పెట్టించుకునే రోజే వాళ్లకు ఆ మాట చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామగిరి, నల్లగొండ