పైకి రాలిన కొబ్బరికాయలు

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన టీచరుని. మాది రాజోలు దగ్గర పల్లె. నాలుగో తరగతి చదివే మా మనవడు మొన్న పరీక్ష కోసం "కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుంది" అని వల్లెవేస్తుంటే, ఋజుమార్గమంటే ఏమిట్రా అన్నాను. "రోడ్డు పేరు మామ్మా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, వాడి తప్పేముంది!

మర్నాడు మా కొబ్బరితోటలో కాయల దింపు. కాయలు పోసుకునే కొట్టుగదికి రేకు తలుపు, దానికి ఎప్పుడో మేకు కొట్టిన బెజ్జం ఉన్నాయి. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి తలుపేసి, కిటికీకి గోనెపట్టా కట్టాను. "ఏం లేదు, పోదాం మామ్మా" అని ఒకటే గోల. చీకటికి కళ్ళు అలవాటు పడాలి, కాసేపు ఆగమన్నాను. నెమ్మదిగా, బెజ్జంలోంచి వచ్చే వెలుగుకి ఎదుటి సున్నం గోడ మీద తోటంతా తేలింది. ఆకాశమేమో కింద, నేలేమో పైన, చెట్లు తలకిందులు. దింపు మనిషి ఎక్కుతుంటే గోడ మీద దిగిపోతున్నాడు. గెల కొడితే కాయలు పైకి రాలుతున్నాయి! చప్పుడు మాత్రం మామూలుగానే బయట నేల మీద దబ్బుమంటోంది. వాడు కిందామీదా పడి నవ్వాడు.

ఎందుకలాగ అని అడిగితే చెప్పలేదు నేను. జానెడు ఈనె ముక్క చేతికిచ్చి బెజ్జంలో దూర్చమన్నాను. బయటి కొస చెట్టు మొవ్వు వైపు ఎత్తితే లోపలి కొస గోడ అడుగుకి దిగింది. మొదలు వైపు దించితే పైకి లేచింది. నాలుగుసార్లు ఆడించి, "వెలుగు కూడా ఈనెలాగే తిన్నగా వస్తోందా?" అన్నాడు. ఋజుమార్గం అదేరా అన్నాను.

ఈ సంగతి బళ్ళో చెబితే సిలబస్ అయ్యాక చూద్దామన్నారట. టీచర్లను ఏమీ అనను, నేనూ చాలా ఏళ్ళు అలాగే నల్లబల్ల మీద గీతలు గీసి వదిలేశాను. కానీ ఫిబ్రవరి 28 వచ్చిందంటే థర్మోకోల్ మోడళ్ళకి తల్లిదండ్రుల చేత వందలు ఖర్చు పెట్టించడమే బాధగా ఉంది. 1928లో సి.వి. రామన్ కాంతి మీద చేసిన పరిశోధనకి గుర్తుగానే కదా ఆ రోజు సైన్స్ దినోత్సవం చేసేది! మేకు బెజ్జానికి పైసా ఖర్చు లేదు. ఆ మాటకొస్తే బెజ్జం కూడా అక్కర్లేదు. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగు మచ్చలు సూర్యుడి బొమ్మలే. 2019 డిసెంబరు 26న గ్రహణమప్పుడు మా పెరట్లో మామిడిచెట్టు కింద ఆ మచ్చలన్నీ నెలవంకలైపోయాయి. ఊళ్ళో సగంమంది తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం ఈ ఏడాదే చేయించాలని మనవి. మన కోనసీమలో ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో సెలవులు, ఆగస్టులో ముసురు. అయినా తెరిపి ఇచ్చిన రోజున, పన్నెండు దాటిన పది నిమిషాలకి పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్ళి ఒక స్టీలు గ్లాసు బోర్లించి చూపించండి. నీడ దాని కిందే దాక్కుంటుంది. గంట ఆగి మళ్ళీ చూపిస్తే పక్కకి జరిగి బయటపడుతుంది. తలెత్తి సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి, ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టుకుని కూడా.

మా తోటలో మళ్ళీ దింపు నెలన్నరకి గానీ రాదు. ఈలోగా మా ఊరి టీచర్లెవరైనా పిల్లల్ని తీసుకొస్తానంటే, కొట్టుగది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కోనసీమ